ఎగువ లాకులు, దిగువ లాకులు

మద్రాసు,
2 జూన్ 2002

పూజ్యులు తోమా మావయ్యగారికి,

మీ మేనకోడలు సిల్వియా వందనాలు. పోయిన నెల ఏలూరు చర్చిలో పెళ్ళి విందు దగ్గర మీరు నా చెయ్యి పట్టుకుని, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు నాన్న అటుగా వచ్చారు. మీరు చెయ్యి వదిలేసి వెళ్ళిపోయారు. ఎనిమిదేళ్ళ కిందట అమ్మను సమాధి చేసినరోజూ అంతే. మీరు ఆ చివర నిలబడ్డారు, నాన్న ఈ చివర. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఎవరి పక్కన నిలబడి ఏడవాలో తెలియలేదు.

మీకు ఫోనులో సరిగ్గా వినపడదని అత్తయ్య చెప్పింది. అందుకని మీ ప్రశ్నకు ఇలా జవాబు రాస్తున్నాను. కంప్యూటరు చేత పని చేయించడానికి కొన్ని భాషలుంటాయి కదండీ. ఆ భాషలో రాసిన మాటకు అసలు అర్థం ఏమిటో, సందేహానికి తావులేకుండా లెక్కల పద్ధతిలో చెప్పడాన్ని సెమాంటిక్స్ అంటారు. నేను చేసేది అందులో ఒక ముక్క. ఒకేసారి నాలుగు చోట్ల పని నడుస్తూ, ఆ నాలుగూ ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటుంటే, జరిగినదాని అర్థం ఎలా చెప్పాలన్నది నా పరిశోధన.

ఇది చదివేటప్పుడల్లా నాకు అమ్మ చెప్పిన లాకులే కళ్ళముందుకొస్తాయి. ఎగువ లాకుల దగ్గర మీరు, దిగువ లాకుల దగ్గర నాన్న, మధ్యలో కాలువ, కాలువ గట్టున ఫోను తీగ. నాన్న ఆ రోజుల ఊసెత్తరు. మీరు రాస్తారాండీ?

మీ ఆశీస్సులు కోరుతూ,
సిల్వియా

*

ఏలూరు,
12 జూన్ 2002

చిరంజీవి సిల్వియాకు మావయ్య దీవెనలు.

అమ్మడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ అత్తయ్యకు వినిపించాను. ఆవిడ వెంటనే స్త్రీల సమాజంలో, మా మేనకోడలు మద్రాసులో సిమెంటు మీద పరిశోధన చేస్తోందని చెప్పేసింది. మేస్త్రీ భార్య ఒకావిడ ఇంటికి వచ్చి, స్లాబుకి ఏ సిమెంటు మంచిదో అమ్మాయిని అడిగి చెప్పండని కూర్చుంది. తెలిస్తే ఒక ముక్క రాయి.

లాకుల సంగతి అడిగావు. కొల్లేటికి దిగే కాలువ మీద మా రెండు లాకులకూ మధ్య మైలున్నర. నేను షట్టరు ఎత్తితే ఆ నీరు మీ నాన్న దగ్గరికి చేరడానికి అరగంట పట్టేది. పెంకుటింట్లో ఒక బల్ల, బల్లమీద పుస్తకం, గోడకి గడియారం, పక్కన చెయ్యి తిప్పే ఫోను. గంటగంటకీ గేజి చూసి నీటిమట్టం రాయాలి. ఎండుగడ్డి పడవలు, ఇటుకల పడవలు వస్తే లాకు తలుపులు తీసి దింపాలి. మిగిలిన పొద్దంతా కొంగల్ని చూడటమే.

మీ అమ్మ విక్టోరియాను మీ నాన్నకు ఇచ్చింది నేనే. పక్క లాకుల కుర్రాడు, నెమ్మదస్తుడు, పుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండదు, చెల్లెలు కళ్ళెదురుగా ఉంటుంది అనుకున్నాను. నా దగ్గర రేడియో ఉండేది, వాళ్ళకి లేదు. మధ్యాహ్నం పాటల వేళకి ఫోను తిప్పి, రిసీవరు తీసి రేడియో ముందు పెట్టేవాడిని. అక్కడ మీ అమ్మ చెవికి ఆనించుకుని అరగంట వినేది. ఆఫీసు ఫోను అలా వాడకూడదు. కాని ఆ లైను మీద అరిచేది మేమిద్దరమేగా. పాట అయిపోయాక, "అన్నయ్యా, కొరమేను పులుసు పెట్టాను, పంపిస్తున్నా" అనేది. పంపడమేమిటి, గిన్నెకి గుడ్డ కట్టుకుని తనే గట్టెంబడి నడిచి వచ్చేది.

ఇంతవరకే రాయగలను. డెబ్భై ఆరులో వచ్చిన వాన సంగతి మాత్రం అడగకు.

నీ క్షేమం కోరే
తోమా మావయ్య

*

మద్రాసు,
26 జూన్ 2002

మావయ్యగారికి,

వందనాలండీ. సిమెంటు సంగతి నాకు తెలియదని ఆవిడకు చెప్పండి. మా హాస్టలు స్లాబు కూడా కారుతోంది.

అమ్మ ఫోనులో పాటలు వినేదని నాకు తెలియదు. మీ ఉత్తరం చదివి ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను.

మీరు అడగొద్దన్నదే అడుగుతున్నాను, కోప్పడకండి. ఆసుపత్రిలో చివరి వారం అమ్మ నాతో ఒక మాట అంది. "మీ నాన్న అబద్ధం రాయలేదే. మా అన్నయ్యా రాయలేదు. మరి ఆ రెండూ ఎందుకు కలవలేదో నాకు అర్థం కాకుండానే పోతున్నాను" అంది. అంతకుమించి చెప్పలేదు.

నేను చదివేదానిలో మొదటి పాఠం ఇదేనండీ. రెండు చోట్ల జరిగే పనులకు ఒకే గడియారం ఉండదు. కాబట్టి ఇక్కడి గంటనూ అక్కడి గంటనూ పోల్చి ఇది ముందు, అది వెనక అనకూడదు. అన్ని పనుల్నీ ఒకే వరసలో నిలబెట్టి అర్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు. మేం ఒప్పుకోం. ఒక కబురు ఇక్కడ బయల్దేరి అక్కడ చేరితే, బయల్దేరడం ముందు, చేరడం వెనక. అది ఖాయం. అలాంటి ముడి దొరకనిచోట ముందువెనకలు చెప్పకుండా ఊరుకోవాలి.

ఆ రోజు మీ పుస్తకంలో ఏం రాశారో నాకు రాసి పంపుతారా? అమ్మ కోసం అడుగుతున్నాను.

మీ
సిల్వియా

*

ఏలూరు,
9 జూలై 2002

సిల్వియాకు,

పది రోజులు నీ ఉత్తరం బైబిల్లో పెట్టి తిరిగాను. చెల్లెలి పేరు చెప్పి అడిగావు గనక రాస్తున్నాను.

ఆ నవంబరులో మూడు రోజులు ఒకే వాన. ఎగువన నీరు తొమ్మిదడుగులు దాటితే నాలుగు షట్టర్లూ ఎత్తమని పొద్దుటే ఓవర్సీరు ఆర్డరు. ఎత్తబోయే ముందు దిగువకు ఫోను చెయ్యాలి. వాళ్ళు తమ షట్టర్లు ఎత్తుకుని, పల్లంలో ఉన్న కొంగలలంక జనాన్ని గట్టెక్కమని కేకెయ్యాలి. నా పుస్తకం పేజీ నకలు నా దగ్గరుంది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

3-50. నీరు తొమ్మిదడుగుల మూడంగుళాలు. దిగువకు మూడుసార్లు ఫోను. జవాబు లేదు.
4-05. నాలుగు షట్టర్లు ఎత్తాను.
4-45. దిగువ నుంచి ఫోను. ఎత్తొద్దన్నారు. ఎత్తేశానని చెబుతుండగా లైను తెగింది.

మీ నాన్న పుస్తకంలో ఏముందో తెలుసా? నాలుగు గంటలకు నాకు ఫోను చేసి వద్దన్నాడట. నేను "సరే" అన్నానట. ఎంక్వయిరీ ఆఫీసరు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. నాలుగింటికి వద్దంటే నాలుగూ అయిదుకు ఎత్తాడు, తప్పు కప్పిపుచ్చుకోవడానికి నాలుగూ నలభై అయిదని దొంగరాత రాశాడు అని తేల్చాడు. మీ నాన్న ఎదురుగానే నిలబడి ఉన్నాడు. "మీ రాత నిజమేనా?" అని అడిగితే, "నిజమేనండీ" అన్నాడు. నావైపు చూడలేదు.

మూడేళ్ళ ఇంక్రిమెంట్లు కోశారు. జంగారెడ్డిగూడెం పంపారు. కాలువన్నది కంటికి కనబడని మెట్ట ఊళ్ళో, పొగాకు కాల్చే బేరన్ల వాసనలో గోదాము తాళాలు తీస్తూ వేస్తూ పద్నాలుగేళ్ళు గడిపాను. కొంగలలంకలో నలభై గుడిసెలు పోయాయి. ఒక ముసలామె చనిపోయింది. అదంతా నా నెత్తిన పడింది, మీ నాన్న రాసిన ఒక్క వాక్యం వల్ల.

ఇక నీ లెక్కలు నువ్వు వేసుకో. నాకు మాత్రం పాఠాలు చెప్పకు.

తోమా

*

తాడేపల్లిగూడెం,
4 ఆగస్టు 2002

మావయ్యగారికి,

సెలవు పెట్టి ఇంటికి వచ్చానండీ. మీ ఉత్తరం నాన్నకు చూపించాను. మిమ్మల్ని అడగకుండా చూపించినందుకు క్షమించండి, వేరే దారి కనబడలేదు.

నాన్న చాలాసేపు చదివారు. తరవాత లేచి ట్రంకుపెట్టె తీసి, తన పుస్తకం పేజీ నకలు తెచ్చి పక్కన పెట్టారు. మీరిద్దరూ ఒకే రోజు కాగితాన్ని ఇరవయ్యారేళ్ళు దాచుకున్నారు. ఆయనది ఇలా ఉంది.

3-00. గేజి అయిదడుగుల రెండంగుళాలు.
3-30. అయిదడుగుల రెండంగుళాలే. వాన ఆగలేదు.
3-50. ఆరడుగులు. గబగబా పెరుగుతోంది.
4-00. ఎగువకు ఫోను. ఎత్తొద్దని చెప్పాను. సరే అన్నట్టు వినిపించి లైను తెగింది.

నేను అడిగాను. "నాన్నా, పొద్దున్నుంచీ చెయ్యనివారు సరిగ్గా అప్పుడే ఎందుకు ఫోను చేశారు?"

"నీళ్ళు పెరుగుతున్నాయి కదమ్మా."

"ఎక్కడి నీళ్ళు నాన్నా?"

"వాన..." అని ఆగిపోయారు. మూడింటికీ మూడున్నరకీ అదే వాన కురుస్తోంది, గేజి అంగుళం కదల్లేదు. ఇరవై నిమిషాల్లో పదంగుళాలు పెరగాలంటే ఆ కాలువలోకి నీరు రాగల చోటు ఒక్కటే. ఆయన వేలు మూడూ యాభై అన్న గీత మీదే ఉండిపోయింది. "అది బావ వదిలిన నీరు" అన్నారు. "బావ ఎత్తేశాకే నేను ఫోను చేశాను. ఎత్తాడు గనకే చేశాను." తరవాత వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను పిలిచినా రాలేదు.

మావయ్యగారూ, మీరు ఎత్తారు. అరగంటకి నీరు నాన్నను చేరింది. ఆ నీరు చూసి నాన్న మీకు ఫోను చేశారు. ఆ నీరే మీరు పంపిన కబురు. ఈ వరసను ఏ గడియారమూ తిరగెయ్యలేదు. మీ పుస్తకంలో 4-45, నాన్న పుస్తకంలో 4-00 అని ఉన్నది ఒకే ఫోను. గోడ గడియారాలు రెండింటికీ తేడా ఉంది, దాదాపు ముప్పావుగంట. అంతే. మీ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదు. నాన్న పుస్తకంలోనూ లేదు. అమ్మ సరిగ్గానే చెప్పింది.

మీ జవాబు కోసం చూస్తుంటాను. ఎల్లుండి మద్రాసు వెళ్ళిపోతున్నాను.

సిల్వియా

*

ఏలూరు,
5 ఆగస్టు 2002

సిల్వియాకు,

మాతోపాటు పనిచేసి రిటైరైన అబ్బాయిరాజు గారు నిన్న మీ ఊరు నుంచి వచ్చి మాటల్లో చెప్పారు. నా ఉత్తరం మీ ఇంట్లో బల్లమీద పరిచి ఉందట. మీ నాన్న వేలుపెట్టి చదువుతున్నాడట. నువ్వు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్నావట.

నేను నీకు రాసింది నీకోసం. ఎంక్వయిరీ మళ్ళీ పెట్టించుకోవడానికి కాదు. ఒకసారి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి నన్ను దొంగను చేశారు. మా ఇంటి పిల్లే మళ్ళీ ఆ పని చేస్తుందనుకోలేదు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు. నీ చదువు నీకు మేలు చేయుగాక.

తోమా

*

మద్రాసు,
13 ఆగస్టు 2002

మావయ్యగారికి,

మీ ఉత్తరం ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇక్కడికి తిరిగొచ్చి నాకందింది. రాయొద్దన్నారు కాబట్టి ఇదే ఆఖరు.

మీ మాట నిజమని తేలితే మీరు సంతోషిస్తారనుకున్నాను. నేను విప్పి చెప్పినదాంట్లో ఏ మాట మిమ్మల్ని దొంగ అన్నదో ఎంత వెతికినా కనబడలేదు. మీకు కావలసింది నిజం కాదేమో, నాన్న మీద కోపమేనేమో అని కూడా అనిపించింది. పెద్దవారిని ఇలా అనకూడదు, అయినా రాసేశాను.

నాన్న ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. ఫోను చేస్తే, "మీ మావయ్య ఏమన్నాడు?" అని ఒక్కటే అడుగుతున్నారు. ఏమీ అనలేదని చెబుతున్నాను.

సెలవు.
సిల్వియా

*

ఏలూరు,
19 ఆగస్టు 2002

అమ్మడూ,

నా ఉత్తరం మీద తేదీ చూడు. అయిదో తారీఖు. నీ నాలుగో తారీఖు ఉత్తరం నాకు అందింది ఏడున. నేను తిట్టింది నువ్వు తేల్చినదాన్ని చదివి కాదు, చదవకముందు. నువ్వేమో దాన్ని జవాబు అనుకున్నావు. ఏది ముందో ఏది వెనకో చదువుకుంటున్న పిల్లవి, నువ్వే పొరబడితే ఇక మీ నాన్నను, ఆ ఆఫీసరును ఏమనగలను?

నవ్వుతూ రాస్తున్నాననుకోకు. ఏడున నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి జవాబు రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. నీ లెక్క అర్థం కాక కాదు. ఒక్కసారి చదవగానే అర్థమైంది. లాకుల మీద బతికినవాడికి ఆ గేజి చూస్తే చాలు. గడియారాల సంగతి కూడా తట్టింది. నేను రేడియో వార్తలకు గడియారం పెట్టేవాడిని. మీ నాన్న పొద్దుటి పాసింజరు రైలు కూత విని పెట్టుకునేవాడు. ఆ వానలో పాసింజరు ఎంత ఆలస్యంగా వచ్చి ఉంటుందో ఊహించుకో. మేమిద్దరం ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని ఉంటే తేలిపోయేది. కూర్చోలేదు.

నువ్వు ఒక్కచోట పొరబడ్డావు. నా పుస్తకంలో ఒక్క అబద్ధం లేదన్నావు. ఒకటుంది.

మూడుసార్లు ఫోను అని రాశాను. ఒక్కసారే తిప్పాను. గట్టు మీంచి నీరు పొర్లుతోంది, ఇల్లు పోతుందని భయం. ఒకసారి తిప్పాను, పలకలేదు. పరుగెత్తి షట్టర్లు ఎత్తేశాను. సాయంత్రం పుస్తకం రాస్తూ, ఒకసారి అంటే బాగుండదని మూడు అని రాశాను. సైకిలిచ్చి నా కింద పనిచేసే లస్కరునైనా గట్టెంబడి తోలి ఉండొచ్చు. అరగంట వ్యవధి ఉందిగా. నీటికన్నా సైకిలే ముందు చేరేది. అది కూడా చెయ్యలేదు.

నా మీద వేసిన తప్పు నేను చెయ్యలేదు. చేసిన తప్పు ఎవరూ పట్టుకోలేదు. చెయ్యనిదానికి శిక్ష పడింది గనక, చేసినదాని గురించి ఆలోచించే పని లేకపోయింది. మీ నాన్న మీద కోపం నాకు గొడుగులా పనికొచ్చింది. ఇప్పుడు నువ్వు దాన్ని మూసేశావు. రెండు వారాలుగా ఆ ముసలామే కనబడుతోంది.

నీ మాట కటువుగా ఉన్నా సరిగ్గానే ఉంది. రాయొద్దన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏం చెయ్యమంటావో రాయి.

మావయ్య

*

మద్రాసు,
26 ఆగస్టు 2002

ప్రియమైన మావయ్యగారికి,

తేదీ చూడని తొందరపాటుకు సిగ్గుపడుతున్నాను. మా గైడుగారికి చెబితే ఆయన నవ్వలేదు. "నువ్వు రాసిన వంద పేజీల్లో లేనిది ఈ రెండు కవర్లలో ఉంది" అన్నారు.

మీరు చెప్పిన ఒక్కసారి సంగతి నాన్నకు నేను చెప్పలేదు. చెప్పను కూడా. అది నా ద్వారా వెళ్ళవలసిన కబురు కాదు. ఏం చెయ్యాలో చెప్పేటంతదాన్ని కానండీ. గూడెంలో బస్సు దిగితే మా ఇంటికి రిక్షా అక్కర్లేదు, నడిచి వెళ్ళొచ్చు. నాన్న సాయంత్రాలు ఇంట్లోనే ఉంటారు.

మీ
సిల్వియా

*

తాడేపల్లిగూడెం,
24 సెప్టెంబరు 2002

చిరంజీవి సిల్వియాకు,

ఈ ఉత్తరం మీ ఇంటి నుంచి రాస్తున్నాను.

శనివారం వచ్చాను. మీ నాన్న వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచాడు. "రండి బావగారూ" అన్నాడు. పూర్వం ఏరా అంటే ఏరా అనుకున్నవాళ్ళం. ఆ "గారు" విని లోపలికి రాబుద్ధి కాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, ఒక్కసారే తిప్పానని చెప్పేశాను. వినపడదేమోనని మరీ గట్టిగా చెప్పినట్టున్నాను, ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

మీ నాన్న గుమ్మం దగ్గరకొచ్చాడు. "నేను గేజి దగ్గరున్నాను బావా. నువ్వు మూడుసార్లు తిప్పినా నాకు వినపడేది కాదు" అన్నాడు. అది నిజమో, నా కోసం అన్నాడో తెలియదు. అడగలేదు. తరవాత, "ఆఫీసరు ముందు నేను నీవైపు చూడలేకపోయాను. చూస్తే నువ్వు అబద్ధం చెబుతున్నావని నమ్మాల్సొస్తుందని భయపడ్డాను" అన్నాడు. నేను దాన్ని ఇరవయ్యారేళ్ళు ఇంకోలా అర్థం చేసుకున్నాను.

నిన్న ఇద్దరం కొంగలలంక వెళ్ళాం. కైకలూరులో బస్సు దిగి ఆటోలో. లాకుల ఇళ్ళు రెండూ కూలిపోయాయి. ఫోను తీగ స్తంభాలు లేవు. కనుచూపు మేర చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు. మేం పడవలు దింపిన కాలువ గుర్రపుడెక్క కింద ఉంది. మీ అమ్మ నడిచొచ్చే గట్టు మాత్రం ఆనవాలు పట్టాను. మీ నాన్న అక్కడ చెప్పులు విప్పి కాసేపు నడిచాడు.

ఆ ముసలామె కొడుకు పేరు వీర్రాజు. మా ఈడువాడే, చెరువు దగ్గర కాపలా ఉంటున్నాడు. పాకలో నులకమంచం మీద వల బాగుచేసుకుంటున్నాడు. నేనెవరో చెప్పాను. జరిగిందంతా చెప్పాను, ఒక్కసారి సంగతితో సహా. మీ నాన్న కూడా చెప్పాడు, పెరిగే నీళ్ళు చూసి ముందు ఎగువకు ఫోను చేశాడేగాని, లంకకు కేక వెయ్యడానికి తరవాత వెళ్ళాడని. అది నాకూ తెలియదు.

అతను వల పక్కన పెట్టలేదు. ముడులు వేస్తూనే విన్నాడు. ఆఖరి ముడి బిగించి అన్నాడు.

"క్షమించానని నేనెలా అంటానండీ. అది మా అమ్మ అనాల్సిన మాట. కాలువ మనుషులు ఎవరైనా వస్తారేమోనని మా నాన్న బతికున్నన్నాళ్ళూ చూశాడు. ఆయనా పోయాడు."

మేం లేచి నిలబడ్డాం.

"వెళ్ళిపోతారేంటండీ," అన్నాడు. "ఎండగా ఉంది, కూర్చోండి. ఆ వేళ ఏం జరిగిందో మీవైపుది విన్నాను. మావైపుది ఎవరూ అడగలేదు. నేను చెప్తాను, వినండి."

కూర్చున్నాం. అతను చెప్పాడు. ఎక్కడెక్కడ నీళ్ళొచ్చాయో, ఎవరు ఎవర్ని ఎత్తుకుని పరుగెత్తారో, వాళ్ళమ్మ చెయ్యి ఎక్కడ జారిందో, అన్నీ వరసగా చెప్పాడు. నాకు వినపడనిచోట మీ నాన్న నా చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. పొద్దువాలేదాకా విన్నాం.

అదంతా నేను చెబుతుంటే మీ నాన్న ఇప్పుడు ఒక పుస్తకంలో రాస్తున్నాడు. గంటలు వెయ్యొద్దన్నాను. ముందు ఏమిటి, దానివల్ల తరవాత ఏమిటి అన్నది చాలు. అయ్యాక తీసుకెళ్ళి వీర్రాజుకి చదివి వినిపించాలి. తప్పుంటే అతను దిద్దుతాడు.

ఈ ఉత్తరం మీ నాన్న చదివాడు. ఒక్కచోట దిద్దాడు. బియ్యంలో రాళ్ళు కాదట, వడ్లట. మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉందన్నాడు.

ఇట్లు,
మీ మావయ్య తోమా
మీ నాన్న ఏసుకుమార్